పాఠశాలల్లో సాంకేతిక నైపుణ్యాల మదింపు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

గడచిన రెండు దశాబ్దాలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు, స్మార్ట్ టీవీలు, ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ట్యాబులు విడతలవారీగా చేరాయి. వాటితోపాటు ఉపాధ్యాయుల, విద్యార్థుల సాంకేతిక నైపుణ్యాలను అంచనా వేసే ప్రయత్నాలూ పెరిగాయి. అయితే ఈ అంచనాలలో అధికభాగం పరికరాల సంఖ్యనో, శిక్షణకు హాజరైన వివరాలనో, వ్యక్తి తన గురించి తాను చెప్పుకొన్న సమాధానాలనో కొలుస్తున్నాయి. పని అప్పగించి, చేయించి చూసే మదింపు అరుదు. ఈ లోపం వల్ల నైపుణ్యం లేనిచోట ఉన్నట్లు, ఉన్నచోట లేనట్లు ఫలితాలు వస్తున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, తెలుగులో నిర్వహించదగిన నిష్పాదన ఆధారిత మదింపుకు కొన్ని సూత్రాలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక నైపుణ్యాలు, మదింపు, సప్రమాణత, స్వీయనివేదన, నిష్పాదన నికష, పొదిలి, ప్రభుత్వ పాఠశాలలు.

1. ఉపోద్ఘాతం:

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలోని పొదిలి, మార్కాపురం, గిద్దలూరు పరిసరాలు ప్రధానంగా మెట్ట ప్రాంతం. వర్షాభావం, ఫ్లోరైడ్ నీరు, పనుల కోసం సాగే వలసలు ఇక్కడి జనజీవనాన్ని చాలాకాలంగా శాసిస్తున్నాయి. చదువుల చరిత్రలో ఈ ప్రాంతానికి మరొక గుర్తింపు కూడా ఉంది. మార్కాపురం పరిసరాల గనుల నుంచి వచ్చిన రాతితో తయారైన పలకల మీద అనేక రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారు. పలక ఒక అభ్యసన సాధనం. పిల్లవాడికి రాయడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఏ ఉపాధ్యాయుడూ “మీ ఇంట్లో పలక ఉందా?” అని అడిగి ఊరుకోలేదు, “నీకు రాయడం ఎంతవరకు వచ్చని అనుకుంటున్నావు?” అనీ అడగలేదు. రాయమన్నాడు, రాసినదాన్ని చూశాడు, తప్పు దిద్దాడు.

ట్యాబు విషయంలో ఈ సహజమైన పద్ధతి పక్కకు తొలగింది. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారికి బోధించే ఉపాధ్యాయులకు బైజూస్ పాఠ్యాంశాలు నింపిన ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. ఆ విడతలో పంపిణీకి నిర్దేశించిన ట్యాబులు 5 లక్షలకు పైబడినవి. అంతర్జాలం లేని ఊళ్లలోనూ పనికివచ్చేలా పాఠాలను ముందుగానే వాటిలో పొందుపరిచారు. ఎన్ని ట్యాబులు అందాయన్న లెక్క స్పష్టంగా ఉంది. ట్యాబు అందుకున్న విద్యార్థి దానితో ఏమి చేయగలిగాడు, ఉపాధ్యాయుడి బోధనలో ఏమి మారింది అన్న ప్రశ్నలకు అంత స్పష్టమైన లెక్క లేదు. ఈ రెండు రకాల లెక్కల మధ్య ఉన్న అంతరమే ఈ వ్యాసానికి విషయం.

2. చారిత్రక నేపథ్యం:

పాఠశాలల్లో సమాచార సాంకేతికతను ప్రవేశపెట్టే ‘ఐసీటీ ఎట్ స్కూల్’ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో ప్రారంభించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5 వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్యను విస్తరించారు. ప్రైవేటు సంస్థలు ప్రయోగశాలలను ఏర్పాటు చేసి, బోధకులను నియమించి, 5 సంవత్సరాలు నిర్వహించి, ఆ తరువాత పాఠశాలలకు అప్పగించాలన్నది అప్పటి ఒప్పందాల స్వరూపం. గడువు ముగిశాక యంత్రాలు పాఠశాలల్లో మిగిలాయి, బోధకులు మిగలలేదు. నిర్వహణకు మనిషి లేక అనేకచోట్ల కంప్యూటర్ గదులు మూతపడ్డాయి. నైపుణ్యం వ్యక్తిలో ఉంటుందే తప్ప గదిలో ఉండదన్న సంగతి ఆ అనుభవంలోనే తేటపడింది.

2012 నాటి పాఠశాల విద్యలో ఐసీటీ జాతీయ విధానం ఉపాధ్యాయుల, విద్యార్థుల నైపుణ్యాలను అంచెలంచెలుగా పెంచాలని భావించింది. 2017లో దీక్ష వేదిక, 2019లో నిష్ఠ శిక్షణలు వచ్చాయి. 2018లో ఐసీటీ పథకం సమగ్ర శిక్షలో కలిసింది. విధాన పత్రాల స్థాయిలో నైపుణ్యం అన్న మాట క్రమంగా బలపడింది. ఆచరణలో మాత్రం లెక్క పరికరాల చుట్టూనే తిరిగింది. 2020లో కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు రాష్ట్రంలో విద్యార్థులను హైటెక్, లోటెక్, నోటెక్ అనే మూడు వర్గాలుగా విభజించారు. ఇంట్లో అంతర్జాలంతో కూడిన ఫోన్ లేదా కంప్యూటర్ ఉందా, టీవీ లేదా రేడియో మాత్రమే ఉందా, ఏదీ లేదా అన్నది ఆ విభజనకు ఆధారం. అత్యవసర పరిస్థితిలో పాఠాలు చేరవేయడానికి అది ఉపయోగపడింది. కానీ అది లభ్యతను చెప్పే వర్గీకరణ. తండ్రి చేతిలో ఫోన్ ఉన్న పిల్లవాడు హైటెక్ అయినంత మాత్రాన అతనికి ఆ సాధనంతో చదువుకోవడం వచ్చినట్లు కాదు.

3. అధికారిక మదింపు సాధనాలు:

పాఠశాలల సమాచారాన్ని ఏటా సేకరించే యూడైస్ ప్లస్‌లో కంప్యూటర్లు, అంతర్జాలం, డిజిటల్ బోధన సౌకర్యాల వివరాలు ఉంటాయి. ఉపాధ్యాయుడి విషయంలో అడిగేది, కంప్యూటర్ వాడకంలోనూ కంప్యూటర్ ద్వారా బోధించడంలోనూ శిక్షణ పొందారా అన్నది. దానికి సమాధానం ఔను లేదా కాదు. రెండు రోజుల శిక్షణలో వెనుక వరుసలో కూర్చున్నవారికీ, పదేళ్లుగా తరగతిలో సాంకేతికతను అర్థవంతంగా వాడుతున్నవారికీ ఒకే ‘ఔను’ వర్తిస్తుంది. శిక్షణ ఏదీ లేకుండా స్వయంగా నేర్చుకొన్న ఉపాధ్యాయుడు ‘కాదు’ వరుసలో చేరతాడు.

ఇటువంటి సమాచారమే జిల్లాల పనితీరు సూచికకు కూడా ముడిసరుకు. 600 మార్కుల ఆ సూచికలో డిజిటల్ అభ్యసనానికి 50 మార్కులు కేటాయించారు. ఆ విభాగం ప్రధానంగా కంప్యూటర్లు, అంతర్జాలం, స్మార్ట్ తరగతులు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వంటి అంశాల మీద ఆధారపడింది. పేరు అభ్యసనం, కొలిచేది సౌకర్యం. సౌకర్యాలను లెక్కించడం తప్పు కాదు. నిధుల పంపిణీకి ఆ లెక్క అవసరం. సౌకర్యపు లెక్కను అభ్యసనపు లెక్కగా చదవడమే ఇక్కడ తప్పు. 2021 నాటి జాతీయ సాధన సర్వే భాష, గణితం, విజ్ఞానశాస్త్రాది విషయాలను పరీక్షించిందే తప్ప, విద్యార్థి సాంకేతిక నైపుణ్యాన్ని ప్రత్యేక విషయంగా పరీక్షించలేదు.

ఇందుకు భిన్నమైన దారి కూడా ఉన్నది. గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి నిర్వహించే అసర్ సర్వే, 2023లో 14 నుంచి 18 ఏళ్ల వయసువారికి, 2024లో 14 నుంచి 16 ఏళ్లవారికి డిజిటల్ పనులు ఇచ్చింది. ఫోన్ తెమ్మని అడిగి, అలారం పెట్టడం, ఒక సమాచారాన్ని వెతకడం, యూట్యూబ్‌లో చెప్పిన వీడియోను గుర్తించడం వంటివి చేయించింది. 2024 నివేదిక ప్రకారం ఆ వయసు పిల్లల్లో 82.2 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసని చెప్పారు. సర్వేకు ముందు వారంలో ఫోన్‌ను చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. ఫోన్ వాడటం తెలిసిన బాలురలో 36.2 శాతం మందికి, బాలికలలో 26.9 శాతం మందికి మాత్రమే సొంత ఫోన్ ఉంది. ‘తెలుసు’ అనే మాటకూ ‘దేనికి వాడారు’ అనే ప్రశ్నకూ మధ్య ఉన్న దూరాన్ని ఈ అంకెలు చూపుతాయి.

అంతర్జాతీయంగా 2013, 2018, 2023 సంవత్సరాల్లో జరిగిన ఐసీఐఎల్‌ఎస్ అధ్యయనం ఎనిమిదో తరగతి విద్యార్థులకు కంప్యూటర్ మీదే పనులు అప్పగించి వారి నైపుణ్యాన్ని కొలిచింది. భారతదేశం అందులో పాల్గొనలేదు. అయినా దాని ఫలితాలలో రెండు మన చర్చకు ముఖ్యమైనవి. మొదటిది, పరికరాలు అందించినంత మాత్రాన ఉన్నతస్థాయి నైపుణ్యాలు వాటంతట అవే రావని 2018 అధ్యయనం తేల్చింది. రెండవది, సమాచారాన్ని వెతికి, ఎంచి, అమర్చే పనులలో బాలికల సగటు సాధన బాలుర కంటే మెరుగ్గా ఉండగా, ప్రత్యేక కంప్యూటర్ పనుల విషయంలో తమ సామర్థ్యం మీద నమ్మకం బాలురలో ఎక్కువగా కనిపించింది. చేయగలగడం వేరు, చేయగలనని అనుకోవడం వేరు. ఈ వ్యత్యాసం మన పరిశోధనలకు నేరుగా వర్తిస్తుంది.

4. పరిశోధనలలో స్వీయనివేదన సమస్య:

విద్యాశాస్త్రంలో ఉపాధ్యాయుల ఐసీటీ సామర్థ్యం, విద్యార్థుల డిజిటల్ అక్షరాస్యత అన్న అంశాలపై ఎం.ఎడ్., పీహెచ్.డి. స్థాయిలో పరిశోధనలు విరివిగా జరుగుతున్నాయి. వాటిలో తరచుగా కనిపించే నమూనా ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఒక మాపనిని తీసుకొని, ఐదు బిందువుల లైకర్ట్ పద్ధతిలో ప్రవచనాలు ఇస్తారు. “నేను ప్రెజెంటేషన్ తయారు చేయగలను” అన్న ప్రవచనానికి ఉపాధ్యాయుడు ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని గుర్తు పెడతాడు. మార్కులు కూడి, స్త్రీపురుష భేదం, గ్రామీణ పట్టణ భేదం, యాజమాన్య భేదం వంటి చరాలవారీగా శూన్య పరికల్పనలను పరీక్షిస్తారు. సార్థక భేదం ఉందనో లేదనో తేలుస్తారు. ఈ పద్ధతిలో నాలుగు బలహీనతలు ఉన్నాయి.

మొదటిది సప్రమాణతకు సంబంధించినది. వేరొకరు చేసిన ప్రెజెంటేషన్‌ను తెరిచి చూపించే ఉపాధ్యాయుడు, పాఠానికి తగిన చిత్రాలు ఎంచి స్వయంగా రూపొందించే ఉపాధ్యాయుడు ఇద్దరూ అదే ప్రవచనానికి ఒకే గుర్తు పెట్టవచ్చు. మాపనికి క్రాన్‌బాక్ ఆల్ఫా విలువ ఎక్కువగా వచ్చిందన్నది విశ్వసనీయతకు ఆధారం కావచ్చు. అంటే ఆ వ్యక్తి తన గురించి అన్ని ప్రవచనాలలోనూ ఒకే తీరున అనుకొంటున్నాడని అర్థం. అతడు అనుకొన్నది నిజమని ఆల్ఫా చెప్పదు. అనేక పరిశోధనలు విశ్వసనీయతను నిరూపించి, సప్రమాణత కూడా నిరూపితమైనట్లు ముందుకు సాగుతాయి.

రెండవది ప్రతిచయనంలోని లోపం. ఇటీవల ప్రశ్నావళిని గూగుల్ ఫారం రూపంలో తయారుచేసి, ఉపాధ్యాయుల వాట్సాప్ బృందాలలో పంచి, వచ్చిన సమాధానాలను విశ్లేషించడం సాధారణమైంది. సాంకేతిక నైపుణ్యాన్ని కొలిచే సాధనం, కొంత సాంకేతిక నైపుణ్యం ఉన్నవారికే అందుతున్నదన్నమాట. ఆ లంకెను తెరవనివారు, తెరిచి మధ్యలో వదిలినవారు, పక్కవారిచేత నింపించినవారు లెక్కలో కనిపించరు. ఎవరి అవసరాలను గుర్తించడానికి పరిశోధన ఉద్దేశించబడిందో వారే ప్రతిచయనం నుంచి జారిపోతారు.

మూడవది, చరాల ఎంపిక. గ్రామీణ పట్టణ భేదాన్నే తీసుకొందాం. నగర పంచాయతీగా మారిన పొదిలిలో పనిచేసే ఉపాధ్యాయుడు పట్టణ వర్గంలో చేరి విశాఖపట్నం ఉపాధ్యాయుడి సరసన నిలుస్తాడు. ఆయన పొరుగూరి సహోద్యోగి గ్రామీణ వర్గంలో ఉంటాడు. ఇద్దరూ ఒకే బస్సులో పాఠశాలలకు వెళ్లవచ్చు, ఒకే శిక్షణకు హాజరై ఉండవచ్చు. నల్లమల అంచున, ఫోన్ సంకేతాలు సరిగా అందని గూడెంలో పనిచేసే ఉపాధ్యాయుడు కూడా ఆ గ్రామీణ వర్గంలోనే ఉంటాడు. నైపుణ్యాన్ని ప్రభావితం చేసే అసలు అంశాలు వేరు: పాఠశాలలో పరికరం పనిచేస్తున్నదా, చెడితే బాగుచేసేవారు అందుబాటులో ఉన్నారా, అడిగితే చెప్పే సహోద్యోగి ఉన్నాడా అన్నవి. వీటిని వదిలి పరిపాలన సరిహద్దును చరంగా తీసుకొంటే వచ్చే ‘సార్థక భేదం’ దేనికి సంబంధించినదో చెప్పడం కష్టం.

నాలుగవది లింగభేద విశ్లేషణ. ఐసీఐఎల్‌ఎస్ విద్యార్థులలో గమనించినట్లు, ఆత్మవిశ్వాసం ఒకవైపు, సాధన మరొకవైపు మొగ్గే అవకాశం ఉన్నప్పుడు, స్వీయనివేదన మార్కుల మీద జరిపిన టి-పరీక్ష వాస్తవాన్ని తలకిందులుగా చూపవచ్చు. “పురుష ఉపాధ్యాయుల సాంకేతిక నైపుణ్యం ఎక్కువ” అన్న నిర్ధారణకు ముందు, పురుషులు తమకు ఎక్కువ మార్కులు వేసుకొన్నారేమో పరిశీలించాలి. ఆ పరిశీలన లేని నిర్ధారణ శిక్షణల ఎంపికలో, బాధ్యతల పంపిణీలో మహిళా ఉపాధ్యాయులకు అన్యాయం చేస్తుంది.

5. ఉపాధ్యాయుడి నైపుణ్యం - కార్యాలయపు పని, బోధన పని:

ఉపాధ్యాయులకు సాంకేతికత రాదన్న వ్యాఖ్య అధికారిక సమావేశాలలోనూ, పత్రికలలోనూ తరచుగా వినిపిస్తుంది. రాష్ట్ర ఉపాధ్యాయుల దైనందిన జీవితం చూస్తే ఈ మాట సగం కూడా నిజం కాదు. 2022 నుంచి ముఖ గుర్తింపు యాప్‌లో హాజరు నమోదు చేయవలసి వచ్చింది. మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల శుభ్రతకు సంబంధించిన ఛాయాచిత్రాలు, విద్యార్థి కిట్ల పంపిణీ, మార్కుల నమోదు వంటివన్నీ వేర్వేరు కాలాల్లో యాప్‌ల ద్వారానే సాగాయి. ఫోన్ ముట్టడానికే జంకిన పెద్దవయసు ఉపాధ్యాయులు కూడా ఈ పనులు నేర్చుకొన్నారు. అంటే నేర్చుకొనే శక్తి ఉన్నది. ఏమి నేర్చుకోవలసి వచ్చిందన్నదే ప్రశ్న.

మిశ్రా, కోయెలర్ 2006లో ప్రతిపాదించిన టీపాక్ భావన ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. విషయజ్ఞానం, బోధనజ్ఞానం, సాంకేతిక జ్ఞానం మూడూ కలిసే చోట బోధనకు పనికివచ్చే సాంకేతిక నైపుణ్యం ఏర్పడుతుందని వారి వాదన. యునెస్కో 2018లో సవరించిన ఉపాధ్యాయ ఐసీటీ సామర్థ్య చట్రం కూడా సాంకేతికతను విడిగా కాక, పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం, బోధన పద్ధతి, వృత్తి వికాసాలతో కలిపి 18 సామర్థ్యాలుగా చూసింది. ఈ దృష్టితో చూస్తే యాప్‌లో కోడిగుడ్ల సంఖ్య నమోదు చేయడం సాంకేతిక నైపుణ్యమే కానీ బోధన నైపుణ్యం కాదు. ఈ రెండింటినీ ఒకే మార్కులో కలిపే మాపని, పాఠశాల కార్యాలయపు పనిలో ఆరితేరిన ఉపాధ్యాయుడిని ఉత్తమ డిజిటల్ బోధకుడిగా చూపుతుంది. తరగతిలో చిన్న ప్రయోగాలు చేస్తూ, యాప్‌ల విషయంలో సహోద్యోగి సాయం తీసుకొనే ఉపాధ్యాయురాలిని వెనుకకు నెడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. పశ్చిమ ప్రకాశంలో తాగునీటి ఫ్లోరైడ్ పుస్తకంలోని విషయం మాత్రమే కాదు, ఇంటింటి సమస్య. ఎనిమిది, తొమ్మిది తరగతులలో నీటి గురించి బోధించే ఉపాధ్యాయుడు, విద్యార్థులచేత తమ వీధుల నీటి వనరుల పట్టిక తయారుచేయించి, బోరు లోతు, వాడకం, రుచి వంటి వివరాలు నమోదు చేయించి, తరగతిలోని ఒకే కంప్యూటర్‌లో వాటిని రేఖాచిత్రంగా మలచి చర్చించగలిగితే, అక్కడ విషయం, బోధన, సాంకేతికత మూడూ కలిశాయి. అందుకు అంతర్జాలం కూడా అవసరం లేదు. తెర మీద ఒక వీడియో నడిపించి, అయిపోగానే ఆపివేయడం దీనితో సమానం కాదు. ప్రస్తుత మాపనులలో రెండూ ‘తరగతిలో ఐసీటీ వినియోగం’ అన్న ఒకే పద్దు కిందకు వస్తాయి.

6. విద్యార్థి నైపుణ్యం - వినియోగం, సామర్థ్యం:

పిల్లలకు ఫోన్ పుట్టుకతోనే వచ్చినట్లు మాట్లాడటం సమాజంలో అలవాటైంది. వీడియోలు చూడటం, ఆటలు ఆడటం, సందేశాలు పంపడంలో వారి వేగం చూసి కలిగే భ్రమ అది. ఆ వేగం చదువుకు, బతుకుకు అవసరమైన పనుల దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతుంది. పదో తరగతి ముగిశాక ఆర్‌జీయూకేటీ, పాలిటెక్నిక్ వంటి ప్రవేశాలకు దరఖాస్తు చేయాలంటే పొదిలి వంటి పట్టణాలలో విద్యార్థి నెట్ సెంటరుకు వెళ్లడం మామూలు. వివరాలు చెబుతాడు, వేరొకరు నింపుతారు, డబ్బు చెల్లిస్తాడు. కోర్సు, కళాశాల ఐచ్ఛికాల క్రమం కూడా అక్కడి వ్యక్తి సలహాతోనే ఖరారయ్యే సందర్భాలు ఉంటాయి. ఫోన్‌లో గంటల తరబడి గడిపే విద్యార్థి తన భవిష్యత్తును నిర్ణయించే ఫారాన్ని తాను నింపలేకపోతే, అతనికి సాంకేతిక నైపుణ్యం ఉందని ఏ అర్థంలో చెప్పగలం?

పరికరం మీద అధికారం ఎవరిదన్నది మరొక ప్రశ్న. వలస వెళ్లిన తల్లిదండ్రులు ఫోన్ తమతో తీసుకువెళ్తే, తాతయ్య నాయనమ్మల దగ్గర ఉండే పిల్లలకు అభ్యాసానికి సాధనమే ఉండదు. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నప్పుడు అది ముందు అన్న చేతికి, తరువాత చెల్లి చేతికి వస్తుంది. ఇటువంటి బాలికకు పరీక్షలో తక్కువ మార్కులు వస్తే అది సామర్థ్యలోపం కాదు, అభ్యాసలోపం. మదింపు ఈ రెండింటినీ వేరుచేసి చూపాలి. లేకుంటే అవకాశం అందని పిల్లలకు ‘బలహీనులు’ అన్న ముద్ర మాత్రం మిగులుతుంది.

7. భాష - మరుగునపడిన చరం:

సాంకేతిక నైపుణ్యాల మదింపులో భాష పాత్రను మన పరిశోధనలు తగినంతగా పట్టించుకోలేదు. యాప్‌ల సూచనలు, కీబోర్డు, దోష సందేశాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఒక విద్యార్థి ఫైలును దాచలేకపోతే, అతనికి ఆ పని తెలియదా, లేక తెర మీది ఇంగ్లీషు మాట అర్థం కాలేదా అన్నది పరీక్ష చెప్పదు. రెండు లోపాలకూ చికిత్సలు వేరు. మొదటిదానికి అభ్యాసం కావాలి, రెండవదానికి పదపరిచయం చాలు.

అలాగే తెలుగు టైపింగ్ నైపుణ్యం దాదాపు ఏ మాపనిలోనూ కనిపించదు. తెలుగు లిపిలో శుద్ధంగా టైపు చేయగల ఉపాధ్యాయుడు తన తరగతి స్థాయికి తగిన అభ్యాసపత్రం తయారుచేసుకోగలడు. అది రానివారు ఇతరులు పంచినదాన్ని యథాతథంగా వాడుకోవలసి వస్తుంది. విద్యార్థి విషయంలోనూ అంతే. ఇంగ్లీషు లిపిలో తెలుగు మాటలను ముక్కలుముక్కలుగా రాయడం సంభాషణకు సరిపోతుంది కానీ వ్యాసరచనకు, దరఖాస్తుకు సరిపోదు. విదేశీ మాపనులను అనువదించుకొన్నంత కాలం ఈ నైపుణ్యం మన లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ మాపనులు రూపొందినచోట ఇది సమస్య కాదు.

8. నిష్పాదన ఆధారిత మదింపు - కొన్ని ప్రతిపాదనలు:

పై పరిశీలన నుంచి ఒక ప్రత్యామ్నాయ రూపం తేలుతుంది. ఉపాధ్యాయులకు ఐదు పనులు ఇవ్వవచ్చు. ఒకే పాఠ్యాంశంపై ముందుగా దించి ఉంచిన రెండు వీడియోలలో ఒకదాన్ని ఎంచి, కారణం చెప్పడం. పది పంక్తుల అభ్యాసపత్రాన్ని తెలుగులో టైపు చేయడం. ఒక తరగతి మార్కుల పట్టిక నుంచి ఏ భావనలో ఎవరు వెనుకబడ్డారో గుర్తించడం. పాఠం మధ్యలో కరెంటు పోతే బోధన ఎలా కొనసాగుతుందో ప్రణాళిక చెప్పడం. విద్యార్థి ఛాయాచిత్రం, ఆధార్ వివరాలు వాట్సాప్ బృందంలో పంపమని అడిగినప్పుడు ఏమి చేయాలో నిర్ణయించడం.

విద్యార్థులకు కూడా ఇటువంటివే సరిపోతాయి. ఒక ప్రశ్నకు రెండు ఆధారాల నుంచి సమాచారం వెతికి సొంత తెలుగు వాక్యాలలో రాయడం. రాసినదాన్ని దాచి మరునాడు తెరవడం. నమూనా ప్రవేశ దరఖాస్తు నింపి, అడిగిన పరిమాణంలో ఫొటో జతచేయడం. ఉపకారవేతనం ఇస్తామంటూ వచ్చిన ఒక నకిలీ సందేశంలో అనుమానించవలసిన గుర్తులు చెప్పడం. చిన్న పట్టికను రేఖాచిత్రంగా మార్చడం. వీటిలో ప్రతి పనికీ నాలుగు స్థాయిలు చాలు: సాయం లేకుండా చేశారు, మాటసాయంతో చేశారు, ఒకసారి చేసి చూపించాక చేశారు, చేయలేదు. మూడవ స్థాయి ప్రత్యేకంగా విలువైనది. అవకాశం లేక నేర్వనివారిని, నేర్పినా ఇబ్బంది పడేవారిని అది వేరుచేస్తుంది. ఇంగ్లీషు మాట దగ్గర ఆగినవారికి దాని అర్థం చెప్పి, ఆ సంగతిని విడిగా నమోదు చేయాలి.

ఈ పద్ధతికి అభ్యంతరాలు లేకపోలేదు. సమయం, ఖర్చు ఎక్కువ. పరిశీలకుల తీర్పులో తేడాలు వస్తాయి. ఇచ్చిన పరికరం అలవాటు లేనిదైతే ఫలితం మారుతుంది. తరగతికి బయట పని చేసి చూపినవారు తరగతిలో దాన్ని వాడతారన్న హామీ కూడా లేదు. వీటికి సమాధానాలు పరిశోధన పద్ధతిలోనే ఉన్నాయి. రాష్ట్రమంతటా ఒక్కసారిగా కాక, పొదిలి, కొనకనమిట్ల, మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల వంటి భిన్న పరిస్థితులున్న మండలాల నుంచి కొద్ది పాఠశాలలను ఎంచుకోవచ్చు. ఇద్దరు పరిశీలకులు విడివిడిగా స్థాయిని గుర్తించి, వారి మధ్య ఏకీభావాన్ని లెక్కించవచ్చు. పని మొదలయ్యే ముందు పరికరంతో పరిచయానికి కొంత సమయం ఇవ్వవచ్చు. తరగతి పరిశీలనను అనుబంధంగా చేర్చవచ్చు. స్వీయనివేదనను పూర్తిగా విడిచిపెట్టనక్కరలేదు. శిక్షణ అవసరాల గురించి ఉపాధ్యాయుల అభిప్రాయం తెలుసుకోవడానికి అది తగిన సాధనమే. అదే ఉపాధ్యాయుల నిష్పాదనతో దాన్ని పోల్చి, అంతరాన్ని అధ్యయనం చేస్తే అది స్వయంగా ఒక మంచి పరిశోధనాంశం అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫలితాల వినియోగం. ముఖ గుర్తింపు హాజరు ప్రవేశపెట్టినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకత తెలిపాయి. సాంకేతికత తమపై నిఘాకు వస్తున్నదన్న భావన ఉన్నచోట, నైపుణ్య పరీక్ష కూడా నిఘాగానే కనిపిస్తుంది. బదిలీలతోనో, సంజాయిషీలతోనో ముడిపడిన పరీక్షలో ఎవరూ తమ లోపాన్ని బయటపెట్టరు. సహోద్యోగి చేత చేయించి గట్టెక్కుతారు. అప్పుడు మదింపు ప్రయోజనమే దెబ్బతింటుంది. అందువల్ల ఇది నిర్మాణాత్మక మూల్యాంకనంగానే ఉండాలి. వ్యక్తుల పేర్లతో ఫలితాలు పై అధికారులకు చేరకూడదు. పాఠశాల సముదాయం స్థాయిలో ఏ పనికి శిక్షణ కావాలో తెలిస్తే చాలు.

9. ముగింపు:

1. పాఠశాలల్లో సాంకేతిక నైపుణ్యాల పేరుతో జరుగుతున్న మదింపులలో అధికభాగం లభ్యతను, శిక్షణ హాజరును, ఆత్మవిశ్వాసాన్ని కొలుస్తున్నాయి. ఈ మూడూ అవసరమైన సమాచారమే అయినా నైపుణ్యానికి ప్రత్యామ్నాయాలు కావు.

2. లైకర్ట్ మాపనులపై ఆధారపడిన పరిశోధనలలో విశ్వసనీయతను సప్రమాణతగా భావించడం, సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారికే చేరే ప్రతిచయనం, పరిపాలన సరిహద్దులను చరాలుగా స్వీకరించడం సరిదిద్దుకోవలసిన లోపాలు.

3. ఉపాధ్యాయుడి విషయంలో కార్యాలయపు యాప్‌ల నైపుణ్యాన్ని, బోధన నైపుణ్యాన్ని వేరుచేసి చూడాలి. యాప్‌లు నేర్చుకొన్న ఉపాధ్యాయులు బోధన సాంకేతికతను కూడా నేర్చుకోగలరు. వారికి అందుకు సమయం, సాయం కల్పించాలి.

4. విద్యార్థి విషయంలో వినోద వినియోగపు వేగాన్ని సామర్థ్యంగా భావించరాదు. తన ప్రవేశ దరఖాస్తును తానే నింపుకోగలగడం వంటి నిత్యజీవిత పనులే సరైన కొలబద్దలు.

5. తెలుగులో టైపు చేయడం, తెలుగులో సమాచారాన్ని వెతికి రాయడం మదింపులో భాగం కావాలి. ఇంగ్లీషు అడ్డంకిని సాంకేతిక లోపంగా లెక్కించరాదు.

6. మదింపు ఫలితాలను శిక్షణ రూపకల్పనకే పరిమితం చేయాలి.

పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాలలో ప్రభుత్వ పాఠశాల తప్ప సాంకేతికతను పద్ధతిగా నేర్పే మరొక చోటు చాలామంది పిల్లలకు లేదు. అక్కడ జరిగే కొలత తప్పితే, ఆ పిల్లల అవసరం ప్రణాళికలలోకే రాదు. పరికరాల కొనుగోలుకు ముందూ, తరువాతా కూడా “వీరు ఏమి చేయగలరు?” అన్న ప్రశ్నకు పని చేయించి చూసిన సమాధానం ఉండాలి. దానికి అవసరమైన నికషలను తెలుగులో రూపొందించి, క్షేత్రంలో పరీక్షించి, ప్రామాణీకరించే బాధ్యత విశ్వవిద్యాలయాల విద్యాశాస్త్ర శాఖలపైన, జిల్లా విద్యా శిక్షణ సంస్థలపైన, ఈ రంగంలో అడుగుపెడుతున్న పరిశోధకులపైన ఉంది.